కొన్న రోజే రాసుకోవాల్సిన మరమ్మతు ఒప్పందం

సంపాదకుల గారికి, నమస్కారం.

యుద్ధ విమానమో, ట్యాంకో, జలాంతర్గామో కొన్నప్పుడు పత్రికల్లో రెండు అంకెలు పెద్దక్షరాల్లో వస్తాయి: ఎన్ని కొన్నారు, ఎంత పెట్టి కొన్నారు. ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు వాటిని నడుపుకోవడానికి చేసుకునే మరమ్మతు ఒప్పందాల గురించి నాలుగు వాక్యాలు కూడా కనపడవు. ఒక ఆయుధ వ్యవస్థకు జీవితకాలంలో అయ్యే ఖర్చులో దాదాపు 70 శాతం దాన్ని నడపడానికీ బాగుచేసుకోవడానికీ పోతుందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఏళ్లుగా చెబుతోంది. పతాక శీర్షికలో కనిపించేది చిన్న వాటా అన్నమాట. మిగిలిన పెద్ద వాటా ఏ దారిన పోతుందో మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మరమ్మతు ఒప్పందం మంచిదో చెడ్డదో మరమ్మతు టెండర్ పిలిచిన రోజున తేలుతుందని చాలామంది అనుకుంటారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. యంత్రం కొన్న రోజే అది తేలిపోతుంది. డ్రాయింగులు, టెస్ట్ బెంచ్‌లు (లోపం ఎక్కడుందో పరీక్షించి పట్టే పరికరాలు), సాఫ్ట్‌వేర్ తాళంచెవులు, విడిభాగాల ధరల పట్టిక ఆ రోజు చేతికి రాకపోతే, తర్వాత టెండర్ ఎంత తెలివిగా రాసినా పాటకు వచ్చేవాడు ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడు చెప్పిందే ధర, పెట్టిందే గడువు.

ఈ మరమ్మతు అసలు ఎలా జరుగుతుందో చూద్దాం. విమానంలో రాడార్ మొరాయిస్తే రన్‌వే పక్కన ఎవరూ రాడార్‌ను విప్పి కూర్చోరు. చెడిన పెట్టెను ఊడదీసి మంచి పెట్టె బిగించి విమానాన్ని పంపేస్తారు. ఈ పెట్టెను ఎల్‌ఆర్‌యూ అంటారు. ఊడదీసింది వర్క్‌షాపుకు వెళ్తుంది. అక్కడ టెస్ట్ బెంచ్ మీద పెట్టి లోపల ఏ కార్డు (సర్క్యూట్ బోర్డు) పోయిందో పట్టుకుని ఆ కార్డు మారుస్తారు. పోయిన కార్డును బాగుచేయడం డిపో, అంటే పెద్ద మరమ్మతు కేంద్రం పని, లేదంటే తయారీదారు పని. మొదటి మెట్టు దాదాపు ఎప్పుడూ సైనికుల చేతిలోనే ఉంటుంది. పేచీ అంతా రెండో మెట్టు, మూడో మెట్టు దగ్గరే. టెస్ట్ బెంచ్ కొనకపోతే కార్డు దాకా వెళ్లే దారి లేదు. ఒక చిన్న కార్డు కోసం పెట్టె మొత్తాన్ని సముద్రాలు దాటించాలి.

పెట్టె పంపిన రోజు నుంచి బాగై తిరిగొచ్చిన రోజు దాకా పట్టే కాలాన్ని టర్న్ అరౌండ్ టైమ్ అంటారు. మొత్తం లెక్క దీని మీదే తిరుగుతుంది కాబట్టి ఓపిగ్గా ఒక ఉదాహరణ వేసుకుందాం. 40 విమానాలున్నాయి, ఒక్కోటి నెలకు 20 గంటలు ఎగురుతుంది అనుకోండి. మొత్తం 800 గంటలు. ఆ పెట్టె సగటున 400 గంటలకోసారి చెడుతుందనుకుంటే నెలకు 2 పెట్టెలు మరమ్మతుకు వెళ్తాయి. తిరిగి రావడానికి 2 నెలలు పడితే ఏ రోజు చూసినా సగటున 4 పెట్టెలు దారిలోనో బెంచ్ మీదో ఉంటాయి. సగటు 4 కదా అని 4 స్పేర్ పెట్టెలు కొనడం చాలామంది చేసే పొరపాటు. చెడిపోవడాలు వరస కట్టి రావు, ఒక నెల ఒకటీ రాదు, మరో నెల ఐదు వస్తాయి. ఆ ఎగుడుదిగుడును లెక్కలోకి తీసుకుంటే 4 స్పేర్లతో దాదాపు 37 శాతం రోజుల్లో కొరత పడుతుంది. దాదాపు 95 శాతం రోజులు కొరత లేకుండా గడవాలంటే 7 కావాలి.

ఇప్పుడు తిరిగి రావడానికి 2 నెలలకు బదులు 6 నెలలు పట్టిందనుకోండి. ఎప్పుడు చూసినా సగటున 12 పెట్టెలు బయటే ఉంటాయి. చేతిలో ఉన్నవి 7 స్పేర్లు. అంటే సగటున కనీసం 5 విమానాలు ఆ ఒక్క పెట్టె లేక నేల మీద నిలబడతాయి. మళ్లీ ఆ 95 శాతం ధీమా రావాలంటే 7 స్పేర్లకు బదులు 18 కొనాలి. మరమ్మతు బిల్లు ఒక్క రూపాయి పెరగలేదు, కాగితం మీద ఒప్పందం చవగ్గానే కనిపిస్తుంది. నష్టం మాత్రం హ్యాంగర్‌లో కదలకుండా నిలబడి ఉంటుంది.

కొరత పడినప్పుడు సిబ్బంది చేసేది ఒకటే: నిలబడిపోయిన విమానం నుంచి పెట్టె ఊడదీసి ఎగరాల్సిన దానికి బిగించడం. ఒక ఊడదీత, ఒక బిగింపుతో అయ్యే పనికి రెండు ఊడదీతలు, రెండు బిగింపులు పడతాయి. ఊడదీసిన ప్రతిసారీ కనెక్టర్ పిన్నులు అరుగుతాయి, సీల్ దెబ్బతినవచ్చు, ఇంతకుముందు లేని కొత్త లోపం పుట్టుకురావచ్చు. ఈ ఊడదీతల లెక్క ఒప్పందంలో కొలతగా పెట్టకపోతే కాంట్రాక్టర్ జాప్యం పై అధికారులకు కనపడదు. సిబ్బంది రాత్రుళ్లు పనిచేసి దాన్ని కప్పిపుచ్చినట్టే అవుతుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది కూడా ఒప్పందంలో సూటిగా రాయాలి. తమ ఫ్యాక్టరీలో రసీదు తనిఖీ అయ్యాకే లెక్క మొదలని చాలామంది కాంట్రాక్టర్లు రాయించుకుంటారు. గోదాములో మూడు వారాలు పడి ఉన్న కాలం అందులోకి రాదు. ఆ తర్వాత అంచనా పంపి ఆమోదం వచ్చేదాకా గడియారం ఆపేస్తారు. ఆమోదం ఇవ్వాల్సిన ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు రెండు నెలలు తిరిగితే తప్పు కొనుగోలుదారుదే అవుతుంది, అందులో అన్యాయం కూడా లేదు. పంపినవాళ్లు రవాణాదారుకు అప్పగించిన తేదీ నుంచి లెక్క మొదలుపెట్టడం, ఫలానా మొత్తం లోపు అదనపు పనికి ముందస్తు ఆమోదం రాసేయడం, ఆపైన వచ్చే అంచనాకు ప్రభుత్వం ఇన్ని రోజుల్లో జవాబివ్వాలని తనమీద తానే గడువు పెట్టుకోవడం, ఈ మూడూ కలిస్తే ఈ రంధ్రం మూసుకుపోతుంది.

ఇంకో మూల ఉంది. పెట్టె చెడిందని పంపుతారు, బెంచ్ మీద బాగానే పనిచేస్తుంది, లోపం దొరకలేదన్న చీటీతో తిరిగొస్తుంది. పరీక్షకు బిల్లు మాత్రం పడుతుంది. చాలాసార్లు అసలు తప్పు పెట్టెలో ఉండదు, విమానం వైపు తీగల్లోనో తుప్పు పట్టిన కనెక్టర్‌లోనో ఉంటుంది. కొన్నిసార్లు పెట్టెలోనే ఉంటుంది కానీ చలిలో, కుదుపులో మాత్రమే బయటపడుతుంది. గది ఉష్ణోగ్రతలో కదలకుండా ఉన్న బెంచ్ దాన్ని పట్టుకోలేదు. మందు ఒక్కటే: పెట్టెను రకాన్ని బట్టి కాకుండా సీరియల్ నంబర్‌ను బట్టి చూడాలి. ఒకే సీరియల్ నంబర్ మూడుసార్లు ఇలా తిరిగొస్తే దాన్ని పక్కన పెట్టి చలి, వేడి, కంపన పరీక్షలు చేయాలని, ఆ ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలో రాయాలి. వేర్వేరు విమానాల్లో అదే పెట్టె మళ్లీ మళ్లీ చెడుతుంటే తప్పు పెట్టెది. ఒకే విమానం వేర్వేరు పెట్టెల్ని తినేస్తుంటే తప్పు తీగలది. సీరియల్ వారీ రికార్డు లేనిచోట ఈ తేడా ఎవరికీ తెలియదు.

ఇక ఒప్పందాల రకాలు. ఒక్కో పనికి ఇంత అని రాస్తే కాంట్రాక్టర్‌కు పెట్టెలు ఎక్కువ చెడితేనే లాభం. పనిగంటలకూ సామగ్రికీ ఇస్తామంటే పని సాగినంతకాలం ఆదాయం. ఏడాదికి ఇంత అని ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రాస్తే కాంట్రాక్టర్‌కు తక్కువ చేస్తేనే లాభం. అందుకే లభ్యతను కొనే పద్ధతి వచ్చింది. ఇన్ని యంత్రాలు ఇన్ని రోజులు సిద్ధంగా ఉంచు, ఎలా ఉంచుతావో నీ ఇష్టం, ఉంచినంతకే డబ్బు అన్నది దాని సూత్రం. భారత్ 2016లో రఫేల్ విమానాలు కొన్నప్పుడు 75 శాతం విమానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని 5 ఏళ్లకు హామీ రాయించుకుంది. కొనే ఒప్పందంలోనే ఇది చేరడం మెచ్చుకోదగ్గ సంగతి. అంతకుముందు మన సుఖోయ్-30 యుద్ధ విమానాల సంగతి గుర్తుచేసుకుంటే ఎందుకో తెలుస్తుంది. 75 శాతం ఉండాల్సిన చోట 55 నుంచి 60 శాతమే సిద్ధంగా ఉంటున్నాయని 2015లో కాగ్ తేల్చింది.

అయితే లభ్యత అన్న మాటకు అర్థం రాయకపోతే అదీ చేయి జారుతుంది. నెలాఖరున ఒకరోజు చూసి లెక్కపెడితే నెలాఖరుకే యంత్రాలు సిద్ధమవుతాయి. రోజూ ఒకే గంటకు లెక్కపెట్టాలి. రాడార్ లేకుండా ఎగరగలిగే విమానాన్ని సిద్ధంగా ఉన్నట్టు లెక్కిస్తారా అన్నది ముందే తేల్చాలి. ఎగరగలగడం వేరు, అప్పగించిన పని చేయగలగడం వేరు. ప్రభుత్వం ఇవ్వాల్సిన వస్తువులు, మనుషులు, హ్యాంగర్ చోటు సకాలంలో ఇవ్వకపోతే కాంట్రాక్టర్‌కు జరిమానా వర్తించదు కాబట్టి ఆ జాబితా ఎంత పొడుగైతే హామీ అంత పలచబడుతుంది. రాసుకున్న గంటల కంటే ఎక్కువ ఎగిరితే ధర ఎలా మారుతుందో పట్టిక ఉండాలి. ఉద్రిక్తత వచ్చిన నెలలో బేరం మొదలుపెట్టే పరిస్థితి రాకూడదు.

జరిమానా విషయంలో ఒక చిన్న కూడిక చాలు. వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం అని రాయడం మన దగ్గర వాడుక. 20 వారాలకు 10 శాతం పూర్తవుతుంది. 21వ వారం నుంచి కాంట్రాక్టర్‌కు ఆలస్యం ఉచితం. ఏడాది ఆలస్యమైన పని రెండేళ్లకు సాగడంలో ఆశ్చర్యం లేదు.

ఓడలు, జలాంతర్గాముల రీఫిట్ (విప్పి చేసే పెద్ద మరమ్మతు) దగ్గర కథ వేరు. అక్కడ అసలు శత్రువు పెరిగే పని. డాక్‌లోకి ఎక్కించి, పూత గీకి, ఇన్సులేషన్ ఊడదీసి, అల్ట్రాసోనిక్ పరికరంతో ప్లేట్ల మందం కొలిచేదాకా ఎంత తుప్పు పట్టిందో ఎవరికీ తెలియదు. బ్యాలస్ట్ ట్యాంకుల లోపలి ప్లేట్లు, వాల్వుల సీట్లు, పంపుల షాఫ్టులు, ఇన్సులేషన్ చచ్చిన కేబుళ్లు, ఇవన్నీ విప్పాకే బయటపడతాయి. వాల్వు మార్చాలని అప్పుడు తెలిస్తే దానికి టెండర్, ఆర్డర్, పోత, ఫోర్జింగ్, పరీక్ష అంటూ ఏడాది దాటుతుంది. ఆ ఏడాదీ డాక్ ఖాళీ కాదు, వెనక వరసలో ఉన్న ఓడ కూడా ఆగుతుంది. 2006లో విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో రీఫిట్‌కు వెళ్లిన ఐఎన్‌ఎస్ సింధుకీర్తి జలాంతర్గామి 2015లో బయటికొచ్చింది. తొమ్మిదేళ్లు! ఆ జాప్యానికి కారణాలు అనేకం కావచ్చు, కానీ తొలిసారి చేసే రకం రీఫిట్‌లో పని పెరగదని అనుకోవడం ఎవరికీ తగదు.

దీనికి ఇప్పుడు కొంత మార్గం దొరికింది. 2025 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత రక్షణ కొనుగోళ్ల మాన్యువల్ విమానాలు, ఓడల మరమ్మతు, రీఫిట్ పనుల్లో పెరిగే పనికి ముందే 15 శాతం కేటాయింపు పెట్టుకోనిస్తోంది. ప్రతి చిన్న పెరుగుదలకూ ఫైలు మళ్లీ పైకి వెళ్లి రావాల్సిన అవస్థ దీనితో తగ్గుతుంది. మంచి మార్పు. కానీ డబ్బు కేటాయించినంత మాత్రాన వాల్వు రాదు. డాక్‌లోకి రావడానికి ఏడాది, ఏడాదిన్నర ముందే నీటిలో ఉండగానే సర్వే చేసి, పాత రీఫిట్ల రికార్డులు చూసి, తప్పక మారతాయనుకున్న పెద్ద భాగాలను అప్పుడే ఆర్డర్ చేస్తేనే ఆ 15 శాతానికి ఫలం ఉంటుంది.

టెండర్ విలువ కట్టడంలోనూ ఒక జాగ్రత్త కావాలి. తెలిసిన పనికి అతి తక్కువ కోట్ చేసి, పెరిగే పనికి ఒక్కో యూనిట్ ధర ఎక్కువ వేసేవాళ్లుంటారు. ఒకరు తెలిసిన పనికి 90 కోట్లు, పెరిగే పనికి యూనిట్‌కు 3 కోట్లు వేశారనుకోండి. మరొకరు 100 కోట్లు, యూనిట్‌కు కోటిన్నర వేశారు. తెలిసిన పని ఒక్కటే చూస్తే మొదటివారు ఎల్1, అంటే అతి తక్కువ ధర వేసినవారు. పెరిగే పని 20 యూనిట్లు వస్తే మొదటివారి బిల్లు 150 కోట్లు, రెండోవారిది 130. అందుకని పాత అనుభవం నుంచి పెరిగే పని పరిమాణాన్ని అంచనా వేసి, దాన్ని కూడా కలిపి ఎల్1 తేల్చాలి. ఈ పద్ధతిని టెండర్ పత్రంలోనే ప్రకటించాలి.

విడిభాగాల ధరల్లో ఏం జరుగుతుందో అమెరికా రికార్డు తేటగా చెబుతుంది. సీ-17 రవాణా విమానాల నిర్వహణ ఒప్పందంలో మరుగుదొడ్డి సబ్బు డిస్పెన్సర్‌కు బయట దొరికే ధర కంటే 80 రెట్లకు పైగా చెల్లించారని ఆ దేశ రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2024లో రాశారు. ఆ ఒక్క వస్తువు మీదే అదనంగా పోయింది 1,49,072 డాలర్లు. సబ్బు డబ్బా వార్త అందరికీ గుర్తుంటుంది. దాని వెనకున్న కారణం ఇంకా ముఖ్యం. ఆడిట్ చేసిన 46 రకాల భాగాల్లో 12కు సమంజసమైన ధర ఇవ్వలేదు, మరో 25కు ఇచ్చిన ధర సమంజసమో కాదో తేల్చే సమాచారమే లేదు. ఒప్పందానికి ముందు కాంట్రాక్టర్ ఇచ్చిన భాగాల జాబితాను సరిచూడలేదు, తర్వాత వచ్చిన బిల్లుల్ని సరిచూడలేదు. మోసం పట్టుకోవడానికి గూఢచారులు అక్కర్లేదు, వరస వరసగా ధరలు పోల్చే ఇద్దరు గుమస్తాలు చాలు.

నకిలీల గురించి ఒక మాట. పాత కంప్యూటర్ బోర్డుల నుంచి చిప్పులు పీకి, పైన ఉన్న గుర్తులు గీకి, కొత్త తేదీ అచ్చు వేసి అమ్ముతారు. అమెరికా సెనేట్ కమిటీ 2012లో బయటపెట్టిన విచారణలో ఇలాంటి అనుమానాస్పద కేసులు దాదాపు 1,800 తేలాయి, వాటిలోని భాగాలు పది లక్షలకు పైమాటే. భాగం అసలు తయారీదారు నుంచో అధీకృత పంపిణీదారు నుంచో రావాలి, బ్యాచ్ నంబర్ వెంట నడవాలి. రబ్బరు సీళ్లు, గొట్టాలకు కొన్న తేదీ కంటే తయారైన తేదీ ముఖ్యం. గోదాములోనే కాలం తీరిపోయిన సీల్ ఇంజన్‌లో ఎక్కువ రోజులు నిలవకపోవచ్చు.

ఇంతా చెప్పాక మళ్లీ కొన్న రోజు దగ్గరికే రావాలి. ఎఫ్-35 యుద్ధ విమానాల విషయంలో అమెరికా మొదట్లో సాంకేతిక సమాచారాన్ని తన చేతిలోకి తీసుకోలేదు, నిర్వహణ భారాన్ని ఎక్కువగా కాంట్రాక్టర్లకు అప్పగించింది. 2023 మార్చి నాటికి ఆ విమానాల్లో అప్పగించిన పనికి సిద్ధంగా ఉన్నవి దాదాపు 55 శాతమేనని, 10 వేలకు పైగా భాగాలు మరమ్మతు కోసం ఎదురుచూస్తున్నాయని, డిపోల ఏర్పాటు ఏళ్ల తరబడి వెనకబడిందని జీఏఓ రాసింది. ప్రపంచంలో అతిపెద్ద కొనుగోలుదారుకే ఈ గతి పడితే, కొద్ది విమానాలు కొనే దేశాలకు బేరమాడే బలం ఎంత ఉంటుందో ఊహించవచ్చు. పోటీలో ఇద్దరు ముగ్గురు అమ్మకందారులు ఉన్నంతసేపే కొనేవాడి మాట చెల్లుతుంది. పదేళ్లు చెల్లే విడిభాగాల ధరల పట్టికను, డిపో స్థాయి మాన్యువళ్లను, టెస్ట్ బెంచ్‌లను ఆ కొద్ది నెలల్లోనే అడగాలి. కంపెనీ మూతపడినా, ఆ భాగం తయారీ ఆపేసినా డ్రాయింగులు మూడో పక్షం లాకర్ నుంచి బయటికొచ్చే షరతునూ అప్పుడే రాయించుకోవాలి. తయారీ ఆపేముందు ఇన్ని నెలల నోటీసు ఇస్తానని, చివరి కొనుగోలుకు అవకాశం ఇస్తానని రాయించుకోవడం మరచిపోయే షరతుల్లో మొదటిది.

అన్నీ బయటికి ఇచ్చేయమని నా ఉద్దేశం కాదు. అమెరికా చట్టం డిపో నిర్వహణ నిధుల్లో 50 శాతం మించి బయటి కాంట్రాక్టర్లకు పోకూడదంటుంది, కీలక మరమ్మతుల సామర్థ్యం ప్రభుత్వ డిపోల్లోనే ఉండాలంటుంది. ఆ 50 అంకె గురించి వాదనలు ఉండొచ్చు, దాని వెనక ఆలోచన మాత్రం సరైనది. సొంతంగా ఒక్క పెట్టె కూడా విప్పని ప్రభుత్వానికి కాంట్రాక్టర్ చెప్పిన పనిగంటలు ఎక్కువో తక్కువో తెలిసే దారి లేదు.

ప్రాణాల సంగతి వచ్చేసరికి ఇది ఇంకా పదునెక్కుతుంది. 2006 సెప్టెంబర్ 2న బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన నిమ్రాడ్ విమానం అఫ్గానిస్థాన్‌లో మంటల్లో కూలి 14 మంది చనిపోయారు. కారిన ఇంధనం వేడి గాలి గొట్టాన్ని తాకింది. ఆ విమానం సురక్షితమేనని నిరూపించే పత్రాన్ని తయారుచేసింది బయటి కంపెనీ, సరిచూడాల్సింది మరో కంపెనీ, సంతకం చేసింది మంత్రిత్వ శాఖ. విమానం సురక్షితమేనని అందరూ ముందే అనుకుని పత్రాన్ని నింపారని 2009 విచారణ తేల్చింది. ఆ తర్వాతే 2010లో అక్కడ సైనిక విమానయానానికి ప్రత్యేక నియంత్రణ సంస్థ ఏర్పడింది. పని బయటికి ఇవ్వొచ్చు, ఎగరడానికి యోగ్యమని చెప్పే సంతకం వెనకుండే పరిజ్ఞానాన్ని ఇవ్వకూడదు. ఆ సంతకం చేసే ఇన్‌స్పెక్టర్లు కాంట్రాక్టర్ మీద ఆధారపడకుండా పెట్టె లోపలికి చూడగలగాలి.

మీ విలేకరులకు నా మనవి ఒకటుంది. తర్వాతిసారి ఏదైనా రక్షణ కొనుగోలు ప్రకటన వచ్చినప్పుడు సంఖ్య, ధరలతో పాటు ఇవి కూడా అడగండి: డిపో స్థాయి మాన్యువళ్లు ఎప్పుడు చేతికి వస్తాయి? టెస్ట్ బెంచ్‌లు ఎన్ని, ఎక్కడ? విడిభాగాల ధరలు ఎన్నేళ్లు స్థిరం? లభ్యతను ఎవరు, ఏ గంటకు లెక్కపెడతారు? నిర్వహణ ఒప్పందం ముగిసి కాంట్రాక్టర్ మారితే పరికరాలు, ప్రతి పెట్టె చరిత్ర ఎవరి దగ్గర మిగులుతాయి? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఏ సీరియల్ నంబర్ పెట్టె ఎన్ని గంటలు పనిచేసిందో, ఎన్నిసార్లు విప్పారో చెప్పే రికార్డులు పాత కాంట్రాక్టర్ కంప్యూటర్‌లోనే ఉండిపోతే, గోదాములోని మంచి పెట్టెను కూడా ఏ ఇన్‌స్పెక్టరూ విమానానికి ఎక్కించనివ్వడు.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు